మూడో తరగతా, ఆరో తరగతా

కోస్గి బస్టాండు దగ్గరి పుస్తకాల షాపాయన నన్ను అడిగిన ప్రశ్న చాలా చిన్నది. "ఏ క్లాసు పుస్తకాలు గావాలమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. నా వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. కన్నకూతురు ఏ తరగతో చెప్పలేని తల్లిని వాళ్లు ఎట్లా చూస్తున్నారో వెనక్కి తిరగకుండానే నాకు తెలిసిపోయింది.

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడు అది. బడి మూతపడేనాటికి మా బిడ్డ నాలుగో తరగతి. తర్వాత బడి లేదు, పరీక్ష లేదు. అయినా ఏటా ఒక మెట్టు పైకి ఎక్కిస్తూనే ఉన్నారు. ఇంట్లో కూర్చున్న పిల్ల కూర్చున్నట్టే ఆరో తరగతికి వచ్చింది. పొయ్యి అంటించకుండా అన్నం ఉడికిందంటే నేను నమ్మను. కాగితం మీద ఆరు అని రాసి ముద్ర వేసిన మాత్రాన పిల్ల బుర్రలోకి ఆరో తరగతి దూరుతుందా?

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. మా పుట్టిల్లు నల్లగొండ పక్కన పానగల్. గొర్రెలు కాసే కులమే అయినా మా తాత కాలంలోనే మందను వదిలేశారు, మా నాయిన కిరాణా దుకాణం పెట్టాడు. కొనేవాళ్లు అమ్మేవాణ్ని, అమ్మేవాడు కొనేవాళ్లను ఓరకంట చూసుకుంటుంటే ఆ మధ్యన పెరిగిన పిల్లను. ఎవరేం చెప్పినా మనసులో ఒకసారి తూచి చూస్తే గాని నాకు నిద్ర పట్టదు.

పెళ్లయి మహబూబ్‌నగర్ వైపు కోస్గి వచ్చాను. మా ఆయనకు గొర్రెల మంద ఉంది. వానాకాలం పంటలు ఇంటికొచ్చాక మా వైపు బీళ్లలో గడ్డిపరక మిగలదు. అప్పుడు మందను తోలుకుని సాగర్ కాలువ కింద వరి కోసిన మడుల కోసం హాలియా వైపు వెళ్తాం. తొలకరి పడేదాకా అక్కడే మకాం. ఆయన మందతో నడిచి వెళ్తాడు, నేనూ మా అత్తా వంటసామాన్లూ నా కుట్టుమిషనూ ట్రాలీ ఆటోలో వెనక వెళ్తాం. అంతకుముందు బిడ్డను మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచి పోయేవాళ్లం. ఆ ఏడు వాళ్లు కూడా బతుకుదెరువుకు పూణె వెళ్లిపోయారు. హాస్టల్లో వేద్దామంటే సీటు దొరకలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. బిడ్డను వెంట తీసుకెళ్లి నేనే చదివించాలి, కొన్నేళ్లు పోయాక ఓపెన్‌లో పది రాయించాలి. నేను ఇంటర్ దాకా చదివాను కదా, ఆ మాత్రం చెప్పలేనా అనుకున్నాను.

చెప్పగలను. కాని ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు మా అత్త తెలియదు. ఆమెకు మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని గొర్రెపిల్లల దగ్గర కాపలా పెట్టాలని ఆమె కోరిక. "సదువుకుంటే ఏమొస్తది, నువ్వు సదువుకున్నవ్, జాకిట్లు కుడుతున్నవ్" అని నా మొహం మీదే అనేది. బిడ్డకు పదకొండేళ్లు నిండాయి. ఆ వయసులో పుస్తకం చేతిలోంచి జారితే మళ్లీ పట్టుకునే ఆడపిల్ల మా చుట్టాల్లో నాకు ఎవరూ కనబడలేదు. పై తరగతి పుస్తకం ఇస్తే అర్థం కాక వదిలేస్తుంది. కింది తరగతిది ఇస్తే సిగ్గుతో వదిలేస్తుంది. ఆ మాట బిడ్డే ముందుగా చెప్పింది కూడా. "అమ్మా, సిన్న పోరగాండ్ల పుస్తకాలు దెస్తే నేను సదువ. అవ్వ తోటి పిల్లల కాడికి పోత" అంది. గొర్రెపిల్లల దగ్గరికి అని.

నా గోడంతా విని షాపాయన "సర్టిఫికెట్ల ఆరున్నదంటివి గద, ఆరో క్లాసు సెట్టు దీస్కపో" అన్నాడు. అమ్ముడుపోనివి నాకు అంటగడుతున్నాడేమో అనుకుంటూనే తీసుకున్నాను.

ఇంటికొచ్చి తెలుగు పుస్తకం బిడ్డ ముందు పెట్టి, మొదటి పాఠం చదవమన్నాను. గడగడా చదివింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇంత గడగడా ఎట్లా వచ్చిందని పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి కింద ఉన్న వాక్యాలు కూడా చదివేసింది!

"ఎట్ల సదువుతున్నవే?"

"ఫోన్ల పాఠం ఇన్న. యాదికున్నది" అంది, తప్పు చేసినదానిలా.

దొరికింది దొంగ అనుకున్నాను. చివరి పాఠం తీసి ఇచ్చాను. కాస్త నెమ్మదిగా అయినా చదివింది. అదీ విన్నదేమో. మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చిన పేపరు ముక్క ఇచ్చాను. నూనె మరకల మధ్య ఉన్న వార్తంతా చదివింది. వార్తల్లో మాటలు తేలికగా ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నా పిల్ల నాకు ముద్దు కాదని కాదు. ముద్దు ఎక్కువై మోసపోతానేమోనని నా భయం. అందుకే వేరే ఎవరైనా చూసి చెప్పాలనుకున్నాను.

హాలియా చేరాక మేం అద్దెకు దిగిన గది ఇంటామె ఒక సారు సంగతి చెప్పింది. ఏదో ప్రైవేటు బడిలో చెప్పి మానేసి, ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకునే మనిషి. బిడ్డ తల దువ్వి, ఉతికిన గౌను వేసి తీసుకెళ్లాను. ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. పిల్లకు బిస్కెట్లు ఇచ్చాడు. ఫీజు మాట ఎత్తలేదు. అడగకుండా మంచి చేసేవాళ్లను చూస్తే నాకు ముందు కంగారు పుడుతుంది. ఏ పుట్టలో ఏ పాముందో అని గోడకు ఆనుకుని కూర్చుని, రెప్ప వేయకుండా చూశాను.

ఒక తెలుగు పేరా చదివించాడు. బాగానే చదివిందన్నాడు. ఇంగ్లీషు పుస్తకం తీస్తే బిడ్డ దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు తగ్గలేదు. సారు ఆ పుస్తకం మూసి, పిల్ల బెదిరిందనుకుని, లెక్కల్లోకి దిగాడు. మేం గొర్లోళ్లమని ఇంటామె చెప్పే ఉంటుంది. పిల్లకు తెలిసిన సంగతులతో అడిగితే తేలిక అవుతుందని ఆయన ఆలోచన. అది మంచి పద్ధతేనని నేను కూడా ఒప్పుకుంటాను.

"మీ నాయినకు ఎన్ని జీవాలున్నయి బిడ్డా?"

బిడ్డ నేల చూపులు చూసింది. "జర ఉన్నయ్ సార్."

"జర అంటే? అందాజగ చెప్పు."

"ఉన్నయ్ సార్."

"సరే, మీ మందల యాభై గొర్రెలున్నయనుకో. అండ్ల పద్దెనిమిది అమ్మినరు. ఇంకెన్ని ఉంటయి?"

"మేం అమ్మం సార్."

"అమ్మినరనుకో తల్లీ."

"మా నాయిన అమ్మడు."

సారుకు నవ్వొచ్చింది. ఆయన ఇంకో దారి పట్టాడు. "పోనీ అమ్మకండ్రి. రోగమొచ్చి పద్దెనిమిది సచ్చిపోయినయనుకో..."

"గట్లనకుండ్రి సార్" అంది బిడ్డ. కళ్లనిండా నీళ్లు. ఇక ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

సారు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడు చెల్లే, ఏమనుకోకు. చదువుడు వస్తది గాని తీసివేత కూడ తెల్వదు. అడిగితే ఏడుస్తాంది. ఆరో తరగతి పుస్తకమిస్తే పిల్ల ఆగమైతది. మూడో తరగతి కాడికెళ్లి మొదలుపెట్టు." అల్మారా తెరిచి మూడో తరగతి పుస్తకాలు తీసి నా చేతిలో పెట్టాడు. అంత సిద్ధంగా ఎందుకు పెట్టుకున్నాడో అని నాకు అనుమానం రాకపోలేదు. మహబూబ్‌నగర్ నుంచి మంద తోలుకొచ్చినోళ్ల పిల్ల కదా, మూడో తరగతి చాలని ముందే అనుకున్నాడేమో అని కూడా అనిపించింది.

అయినా పుస్తకాలు తెచ్చుకున్నాను. మంచి మాటను పదిసార్లు తూచి చూసే నేను, చెడ్డ మాటను మాత్రం ఒక్కసారి కూడా తూచను. అది ఎవరు చెప్పినా చాలు, నిజమే అయ్యుంటుందని గుండె ముందే ఒప్పేసుకుంటుంది. ఇంటికి నడుస్తుంటే బిడ్డ నా పక్కనే ఉంది. యాభైలోంచి పద్దెనిమిది తీస్తే ఎంతే అని ఒక్క మాట అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. తెలియదంటుందేమోనని భయపడి అడగలేదు.

మూడో తరగతి పుస్తకం మీద బాతుల బొమ్మ ఉంది. లోపల పెద్ద పెద్ద అక్షరాలు. బిడ్డ దాన్ని ఒకసారి తెరిచి చూసి, మూసి, మిగతావాటితో కలిపి ఇనుప సందుగ మీద పెట్టింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పక్కలో లేదు. గది వెనక ముళ్లకంప దడిలో, గంపల కింద నుంచి గొర్రెపిల్లల్ని ఒక్కొక్కటే తీసి తల్లుల దగ్గర పాలకు వదులుతోంది. పక్కన మా అత్త.

"నా మన్మరాలి సెయ్యి వడితే ఎంత మొండి పిల్ల అయిన పాలు దాగుతది" అంది అత్త నాతో, పండగ వచ్చినదానిలా.

ఆ రోజు నుంచి అదే వరస. నేను పిలిస్తే "వస్తున్న" అనేది, వచ్చేది కాదు. సాయంత్రం గౌనంతా పాల వాసన, గొర్రె వాసన. తిని పడుకునేది. సందుగ మీద బాతుల పుస్తకానికి దుమ్ము పట్టింది. మిషను తొక్కుతుంటే నాకు ఏడుపొచ్చేది. నా బిడ్డ నా కళ్ల ముందే చదువుకు దూరమైపోతోంది, నేను రవికలకు హుక్కులు కుడుతూ కూర్చున్నాను.

ఏడుపు వెనకాల అనుమానం రాకుండా ఉంటుందా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సారు దగ్గరికి వెళ్లే ముందు రోజు అవ్వా మనవరాలూ దడి దగ్గర గుసగుసలాడటం నేను చూశాను. సారు ఏమడిగినా చెప్పకు, అప్పుడు చదువు మాన్పిస్తారు అని ఈమే నేర్పి ఉంటుంది. ఇంకెవరికి ఆ అవసరం?

ఒకరోజు పట్టలేక అడిగేశాను. "అత్తా, సారు అడిగితే ఏం జెప్పకుమని పిల్లకు నువ్వే నేర్పినవ్ గదా?"

ఆమె చేతిలోని పలుపుతాడు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ సారెవడో, ఏమడిగిండో నాకేమెరుక? పిల్ల నోరిప్పకపోతే నాదా తప్పు? నీకు అనుమానం రోగమున్నదే. మీ నాయిన దుకాణంల కూసోని కూసోని గట్లయినవ్."

"మరి దడి కాడ గుసగుస ఏంది?"

"గొర్రెకు కాలు వాసింది, మందు వెట్టినం. అది గూడ నీకు జెప్పి వెట్టాల్నా?"

మా ఆయన సాయంత్రం వచ్చేసరికి ఇద్దరం చెరో మూల కూర్చుని ఉన్నాం. ఆయన ఇద్దరికీ సర్దిచెప్పడం ఏనాడో మానేశాడు. అన్నం తిని, మంద వైపు ఒకసారి చూసి, "అన్ని వచ్చినయ్" అని పడుకున్నాడు. నేను మాత్రం అత్త మాట నమ్మలేదు.

కొన్నాళ్లకు పక్క మడి రైతు భార్య రవిక కుట్టించుకోవడానికి వచ్చింది. మందను రాత్రిపూట తమ మడిలో పడుకోబెడితే పొలానికి ఎరువవుతుందని వాళ్లకు ఆశ. నేను కొలతలు తీసి మిషను ముందు కూర్చున్నాను. ఎందుకో ఆ మధ్యాహ్నం బిడ్డ నా దగ్గరే ఉండి గుండీలు ఏరుతోంది. ఆమె మాట కలపడానికి బిడ్డను అడిగింది.

"మీ మంద ఎంత పెద్దది బిడ్డా? ఎన్ని జీవాలుంటయి?"

బిడ్డ నేల చూపులు చూసింది. "జర ఉన్నయ్ అత్తా."

"వంద ఉంటయా?"

"ఉంటయ్ గావచ్చు."

ఆమె పకపకా నవ్వింది. "మంచిగ నేర్పిన్రు పిల్లకు. పొద్దుగాల మీ అవ్వనడిగితే ఆమె గూడ గిదే మాట."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. అదే చూపు, అదే గొంతు, సారు ముందు చెప్పిన అదే మాట.

మా అత్తగారింట్లో జీవాల లెక్క పైకి చెప్పరు. ఎవరడిగినా "దేవుని దయ, జర ఉన్నయ్" అంటారు. లెక్క నోట్లోంచి బయటికొస్తే కన్ను పడుతుందని, కన్ను పడితే మందలో రోగం దూరుతుందని వాళ్ల నమ్మకం. మా ఆయన కూడా సాయంత్రం మందను మొహాలు చూసి గుర్తుపడతాడు తప్ప వేలు పెట్టి లెక్కించడు. అమ్మకం మాటా చావు మాటా మంద దగ్గర ఎత్తితే మా అత్త అన్నం మానేసినంత పని చేస్తుంది. దుకాణంలో పుట్టినదాన్ని, గింజలు లెక్కపెట్టే ఇంటి పిల్లను, కొత్త కోడలిగా ఇదంతా చూసి నవ్వుకున్నాను. ముసలివాళ్ల చాదస్తమని వదిలేశాను. రోజంతా ఫోను చూసే నా కూతురికి ఇది ఎముకల్లోకి ఇంకిందని నాకు తట్టనే లేదు. ఆ సారు పాపం మంచి మనసుతో అడిగింది లెక్కే. పిల్లకు వినబడింది మాత్రం మంద మీద శాపం. వాళ్ల నాయిన గొర్రెల్లో పద్దెనిమిదిని చంపి, మిగిలినవి ఎన్నో చెప్పమంటే ఏ పిల్ల చెబుతుంది?

ఆమె వెళ్లేదాకా ఓపిక పట్టి, తలుపు దగ్గరికి వేసి అడిగాను. "డబ్బల యాభై గుండీలున్నయ్. పద్దెనిమిది కుట్టేసిన. ఇంకెన్ని?"

"ముప్పై రెండు" అంది, తల ఎత్తకుండానే.

ఇంకోటి అడిగాను. "మీటరు గుడ్డల ముప్పావు కత్తిరిస్తే?"

"పావు మిగుల్తది. నువ్వు కత్తిరిస్తుంటే చూస్తలేనా?"

ఎక్కాలు అడిగాను. చెప్పింది. వడ్ల బస్తాల మీద గుణకారం అడిగాను. వేళ్ల మీద కాసేపు లెక్కించి చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. వెంటనే పాత బుద్ధి తలెత్తింది. తేలికవే అడుగుతున్నానేమో! ఇంకా కష్టమైనవి అడిగాను. ఇంకా అడిగాను. ఒకచోట ఆగిపోయింది. నేను ముందుకు వంగాను.

బిడ్డ గుండీల డబ్బా టక్కున మూసేసింది.

"ఇంకెన్నిసార్లు చూస్తవమ్మా? సదివితే యాదికున్నదంటవ్. చెప్తే తేలికున్నదంటవ్. పుస్తకాలాయనను అడిగినవ్, సారునడిగినవ్, అవ్వ తోటి కొట్లాడినవ్. నీకు ఏ క్లాసు పుస్తకం గావాలె బిడ్డా అని నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. తూచే వస్తువును నీ బరువెంత అని ఎవరడుగుతారు? సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ బాధేసింది. అప్పుడు అడిగాను.

"ఏ క్లాసుది గావాలె బిడ్డా?"

ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్న మనిషిలా చెప్పింది. "తెలుగు ఆరోది. లెక్కలు గూడ ఆరోదే, గని భాగారాలు జర మల్లొకసారి చెప్పు, ఐదో క్లాసుల చెప్పినయ్ నాకు సక్కగ ఇనబడలే, ఫోన్ల సిగ్నలు లేకుండె." తలుపు వైపు చూసింది. "ఇంగ్లీషు మూడోదే ఇయ్యి."

"మూడోదా?"

"నాకు ఇంగ్లీషు సదువ రాదమ్మా. నాలుగో క్లాసులనే రాకుండె. మేడం అడిగితే పక్క పిల్లను చూసి చెప్తుంటి."

దగ్గు వచ్చింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ పిల్లకు ఏదో రాదని నేను అనుమానపడుతూనే ఉన్నాను. ఆ అనుమానం నిజమే. కాకపోతే లెక్కల్లో వెతికాను, తెలుగులో వెతికాను, అత్త గుసగుసల్లో వెతికాను. అసలు రానిదేదో పిల్లకు ఒక్కదానికే తెలుసు. అది నాకు చెబితే నేనేమంటానో అని దాచుకుంది.

సంగతి తెలిసి మా అత్త ఒకటే నవ్వు. "జీవాల లెక్క చెప్పకుంటే మూడో తరగతి అన్నడా? మరి ఊరందరికి చెప్పుకునేటోడు ఏ తరగతంట?" అంది. అట్లా అన్నంత మాత్రాన పిల్లను పూర్తిగా చదువుకు వదలలేదు. పొద్దున పాలవేళకు మాత్రం దడి దగ్గరికి రావాల్సిందేనని పట్టుబట్టింది. సరేనన్నాను. ఆ మాత్రం బేరం ఇద్దరికీ కుదిరింది.

ఆ సాయంత్రం సందుగ మీది పుస్తకాల్లోంచి మూడో తరగతి ఇంగ్లీషుది దుమ్ము దులిపి తెచ్చాను. "అట్టెయ్యి. మూడు అని ఎవరికి కనబడొద్దు" అంది బిడ్డ. కుట్టుపనికి వాడే గోధుమరంగు కాగితంతో అట్ట వేసి ఇచ్చాను. బిడ్డ గోడకు ఆనుకుని కూర్చుని, మొదటి పేజీ తీసి, నా వైపు చూసింది. చదవమని నేను అనలేదు. వస్తుందా రాదా అన్నట్టు కూడా చూడలేదు. మిషను మీద గుడ్డ సర్దుకుంటూ ఊరికే ఉన్నాను.

కాసేపటికి అదే మొదలుపెట్టింది. వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ, పైకే చదివింది. రెండో మాట దగ్గరే తప్పు చదివింది. తప్పని దానికీ తెలిసింది, ఆగింది, నన్ను చూసింది, మళ్లీ మొదటి నుంచి చదవసాగింది. దగ్గలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నా బిడ్డ నా ముందు ఏదీ తప్పు చదవలేదు. ఆ రోజే మొదటిసారి, దాచకుండా తప్పు చదివింది.